బాగానే ఉన్న బటన్లను బాగుచేయడం ఎలా?

త్రికోణం నొక్కితే సినిమా ఆడుతుంది. రెండు నిలువు గీతలు నొక్కితే ఆగుతుంది. రీల్ టేప్ రికార్డర్ల కాలం నుంచి ఇదే వరస. క్యాసెట్లు పోయాయి, వీసీఆర్‌లు పోయాయి, సీడీలు చేలల్లో పిట్టల్ని బెదిరించే ఉద్యోగంలో చేరిపోయాయి. ఈ రెండు బొమ్మలు మాత్రం చెక్కుచెదరలేదు. ఐఈసీ 60417 అనే అంతర్జాతీయ ప్రమాణంలో వీటికి విడివిడిగా నంబర్లు కూడా ఉన్నాయి. మూడేళ్ల పిల్లకూ తెలుసు, ఎనభై ఏళ్ల ముత్తవ్వకూ తెలుసు.

మీ కష్టమంతా అక్కడే ఉంది. మీరు ఏ మాదాపూర్‌లోనో ఓ ఓటీటీ కంపెనీలో డిజైనర్. అప్రైజల్ దగ్గరపడింది. "ఈ ఏడాది ఏం చేశావ్?" అని మేనేజర్ అడిగితే "ప్లే బటన్ బాగానే ఉంది సార్, దాని జోలికి పోలేదు" అని చెప్పి హైక్ తెచ్చుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు. పనిచేసే బటన్ ఎవరి కంటికీ ఆనదు. ఆనాలంటే దాన్ని చెడగొట్టాలి. చెడగొట్టడానికి మర్యాదైన పేరు రీడిజైన్. కింది చిట్కాలు శ్రద్ధగా పాటించండి. మీ యాప్‌లో సినిమాను ఎవరూ ఆపలేరు, ఆఫీసులో మిమ్మల్నీ ఎవరూ ఆపలేరు.

1. ముందుగా ఒక సమస్యను పుట్టించండి. చూసేవాళ్లను మాత్రం అడక్కండి. అడిగితే బఫరింగ్ అంటారు, యాడ్లు అంటారు, సబ్‌టైటిల్ మాటకంటే రెండు సెకన్లు వెనక వస్తోందంటారు. అవన్నీ నిజంగా పని ఉన్న సమస్యలు. బ్యాకెండ్ వాళ్ల పక్కన కూర్చోవాలి, రాత్రి కాల్స్‌లో ఉండాలి. మీకు కావలసింది సాయంత్రం టీ లోపు ఫిగ్మాలో తేలిపోయే సమస్య. అందుకని స్లయిడ్ మీద పాత టేప్ రికార్డర్ ఫొటో వేసి, "దీన్ని చూడని తరానికి ఇంకా ఈ త్రికోణమేనా?" అని పెద్ద అక్షరాలతో రాయండి. ఆ తరం పొద్దస్తమానం ఆ త్రికోణాన్నే నొక్కుతోందన్న సంగతి మీటింగ్‌లో చాలామందికి తట్టదు. తట్టినవాడు నోరు తెరిచేలోపు "నెక్స్ట్ స్లయిడ్" అనండి.

2. బటన్ ఇప్పుడున్న స్థితిని చెప్పాలా, నొక్కితే జరగబోయేది చెప్పాలా అన్నది ఎప్పటికీ తేల్చకండి. అన్ని చిట్కాలూ పాటించే ఓపిక లేనివారు ఇదొక్కటి పాటించినా చాలు.

సినిమా ఆడుతున్నప్పుడు ప్లేయర్ రెండు గీతలు చూపిస్తుంది. ఆగి ఉందని దానర్థం కాదు, నొక్కితే ఆగుతుందని. దానికి అంగుళం దూరంలో స్పీకర్ బొమ్మ ఉంటుంది. దాని మీద అడ్డగీత పడితే నొక్కితే మ్యూట్ అవుతుందని కాదు, ఇప్పటికే అయిపోయిందని. అంటే ఒకే పట్టీ మీద ఒక బటన్ భవిష్యత్తు చెబుతోంది, పక్కది వర్తమానం చెబుతోంది. ఇన్నేళ్లుగా జనం ఈ తిరకాసు గమనించకుండా వాడేసుకుంటున్నారంటే అది తర్కం వల్ల కాదు, వేళ్లకు పడిన అలవాటు వల్ల. మీకు అడ్డొస్తున్నది ఆ అలవాటే. దాన్ని తుడిచేయండి. "కన్సిస్టెన్సీ కోసం" అని ప్రకటించి రెండింటినీ తిరగేయండి. సినిమా ఆడుతుంటే త్రికోణం పెట్టండి, ఎందుకంటే ఆడుతోంది కదా. సౌండ్ వస్తుంటే అడ్డగీత పెట్టండి, ఎందుకంటే నొక్కితే పోతుంది కదా. ఇంత చేసినా రెండింటికీ పొంతన మునుపటిలాగే కుదరదు. కానీ ఇప్పుడా పొంతనలేనితనం మీ సొంతం, అప్రైజల్‌లో రాసుకోవచ్చు.

ఇదే ఊపులో సబ్‌టైటిల్ బటన్ సంగతి కూడా చూడండి. యూట్యూబ్‌లో ఏళ్ల తరబడి క్యాప్షన్లు ఆన్ చేస్తే బటన్ కింద ఎర్రగీత వస్తూ వచ్చింది. అంత పచ్చిగా చెప్పడం మీకెందుకు? ఆన్‌లో తెలుపు, ఆఫ్‌లో కాస్త తక్కువ తెలుపు. రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. చూసేవాడికి రెండూ పక్కపక్కన ఎప్పుడూ కనపడవు.

3. బటన్‌ను కరిగించండి. త్రికోణం మెల్లగా కరిగి, బొట్టులా జారి, రెండు గీతలుగా గడ్డకట్టాలి. సెకనున్నర పట్టనివ్వండి. ఆ సెకనున్నర సేపూ టచ్ పనిచేయకూడదు. నొక్కినా ఏమీ కాలేదనుకుని చూసేవాడు మళ్లీ మళ్లీ నొక్కుతాడు. యానిమేషన్ అవగానే ఆ నొక్కుళ్లలో చివరిది పట్టుకుని సినిమాను తిరిగి మొదలెట్టేయండి. డెవలపర్ వచ్చి "అన్నా, క్లిక్కులు క్యూలో పేరుకుపోతున్నాయి" అంటే కంగారుపడకండి. "బ్రో, అది డిలైట్" అనండి. డిలైట్ అంటే ఏమిటని తిరిగి అడిగే ధైర్యం ఆఫీసుల్లో ఎవరికీ ఉండదు.

4. దాచండి. దాచిన వస్తువును డిజైన్ చేయనక్కర్లేదు, టెస్ట్ చేయనక్కర్లేదు, తెలుగులోకి మార్చనక్కర్లేదు. కంట్రోల్స్ కాసేపటికి మాయమవడం ఎప్పటినుంచో ఉన్నదే. మీరు ఆ కాసేపును కళ్లు మూసి తెరిచేంతకు తగ్గించండి. తెర మీద మొదటిసారి తాకితే బటన్లు కనపడాలి. రెండోసారి తాకేలోపు అవి పక్కకు జరగాలి. వేలు దిగే చోటికి "తర్వాతి ఎపిసోడ్" వచ్చి నిలబడాలి. 1998లో విన్సెంట్ ఫ్లాండర్స్ అనే ఆయన, మౌస్ పెట్టేదాకా ఏమిటో తెలియని మెనూలను లోపలేముందో తెలియని మాంసంతో పోల్చి వెక్కిరించాడు. ఆయన వెక్కిరింత మౌస్ ఉన్నవాళ్లకు. ఫోన్‌లో మౌస్ ఉండదు గనక పెట్టి చూసే అవకాశమే లేదు. మీరు ఆయన కంటే చాలా ముందున్నారు.

5. చిన్నది చేయండి, దూరం పెట్టండి. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వవేత్త లెక్కకట్టి చెప్పాడు: లక్ష్యం ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే, అందుకోవడానికి అంత ఎక్కువ సేపు పడుతుంది. డెబ్బై ఏళ్లుగా డిజైనర్లు దీన్ని హెచ్చరికగా చదువుతున్నారు. మీరు వంట విధానంలా చదవండి. ఆపిల్ వాళ్లు తాకే చోటు 44 పాయింట్లు ఉండాలంటారు, ఆండ్రాయిడ్ వాళ్లు 48 అంటారు. అందరికీ అందుబాటులో ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ నియమాలు 2023లో వచ్చిన 2.2 కూర్పులో దయతలచి 24 పిక్సెళ్లకు ఒప్పుకున్నాయి. వాళ్లు దిగుతున్నారంటే ఇంకా దిగుతారని అర్థం. మీరు 14 దగ్గర వాళ్ల కోసం ఎదురుచూడండి. ఇంత చిన్నదేమిటని అడిగితే "బ్రీదింగ్ స్పేస్" అనండి. బటన్లకు ఊపిరాడితే చాలు, చూసేవాళ్లది వాళ్లు చూసుకుంటారు.

6. గాజుతో చేయండి. బొమ్మకూ వెనకున్న రంగుకూ కనీసం 3:1 తేడా ఉండాలని డబ్ల్యూసీఏజీ అడుగుతుంది. వీడియోలో వెనకున్నది క్షణానికొక రంగు మారుతుంది గనక ఆ లెక్క సరిగ్గా చేయాలంటే బటన్ వెనక చిన్న నల్లనీడ వేయాలి. నీడ వేయడం పాత పద్ధతి. 2025లో ఆపిల్ లిక్విడ్ గ్లాస్ తెచ్చింది. ఆ ఒక్క మాట చెప్పి మీ బటన్లన్నిటినీ నీళ్లలా పారదర్శకం చేసేయండి. కొద్ది నెలలకే ఆ ఆపిలే గాజుకు కాస్త రంగు అద్దుకునే సెట్టింగ్ ఇవ్వాల్సి వచ్చిందన్న విషయం స్లయిడ్‌లోకి రానివ్వకండి. ఇక మీ డెమోకు రాత్రి పూట తీసిన సీను ఎంచుకోండి, బటన్లు మెరుస్తాయి. ఫ్యాక్షన్ సినిమా జోలికి పోకండి. తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు, తెల్ల సుమోలు, వాటి మీద మీ తెల్లగాజు బటన్. సీమలో ఎవరు ఎవరిని నరుకుతున్నారో తెలుస్తుంది గానీ ఎక్కడ నొక్కితే ఆగుతుందో తెలియదు.

7. ప్రోగ్రెస్ బార్ మీద మనసు పెట్టండి. ప్లేయర్‌లో జనం వేలు ఎక్కువగా తడుముకునేది దీన్నే గనక ఇక్కడ పెట్టిన శ్రమ ఎక్కడికీ పోదు.

మొదట దాన్ని వెంట్రుకంత సన్నం చేసి తెర అట్టడుగు అంచుకు అతికించండి. ఈ రోజుల్లో ఫోన్లలో అడుగు అంచు నుంచి పైకి లాగితే యాప్ మూసుకుంటుంది. కాబట్టి పాట దగ్గరికి పోదామని బార్ మీద వేలు పెట్టినవాడు సగంసార్లు హోమ్ స్క్రీన్‌లో తేలతాడు. విసుక్కుని మళ్లీ యాప్ తెరుస్తాడు. డ్యాష్‌బోర్డులో అది కొత్త సెషన్. నెలాఖరుకు గ్రాఫ్ పైకి లేస్తుంది. మీ బాస్ ఆ గ్రాఫ్‌ను వాళ్ల బాస్‌కు పంపిస్తాడు. చివరికి ఆ గ్రాఫ్ ఏ పెద్ద మీటింగులోనో చప్పట్లు అందుకుంటుంది. ఒక మనిషి ఒక పాట కోసం యాప్‌ను నాలుగుసార్లు తెరిచాడని అందులో ఎక్కడా ఉండదు.

తర్వాత బార్‌ను లాగేటప్పుడు కనపడే చిన్న బొమ్మలు తీసేయండి. అవి ఉంటే ఎక్కడున్నామో తెలిసిపోతుంది. ఎంతవరకు లోడ్ అయిందో చూపే బూడిదరంగు పట్టీ కూడా అనవసరం. లోడ్ కాని చోటికి లాగి, తిరిగే చక్రం చూసి, తమ నెట్‌నే తిట్టుకుంటారు. మూలనున్న అంకె గడిచిన సమయమా, మిగిలిన సమయమా అన్నది చెప్పకండి. తాకితే మారిపోయేలా చేసి, మారిందని కూడా చెప్పకండి.

1999లో వచ్చిన టివో అనే అమెరికన్ రికార్డర్ ఒక పిచ్చి మంచితనం చేసింది. ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పోతూ కావలసిన చోటు కనపడగానే మనిషి ప్లే నొక్కుతాడు. కన్ను చూసి, వేలు కదిలేలోపు కాస్త ముందుకు జారిపోతాడు. ఆ జారుడును లెక్కేసుకుని టివో తానే కొంచెం వెనక్కి వచ్చి మొదలుపెట్టేది. చూసేవాడి మందకొడితనాన్ని యంత్రం తన మీద వేసుకుందన్నమాట. ఇలాంటి కోడ్ మీ ప్లేయర్‌లో కనపడితే వెంటనే తొలగించండి. ముందుకు జారనివ్వండి, వెనక్కి రానివ్వండి, మళ్లీ జారనివ్వండి. ఇదంతా వాచ్ టైమ్.

8. రెండుసార్లు తడితే పది సెకన్లు వెనక్కి, పది సెకన్లు ముందుకు అన్నది యూట్యూబ్ అలవాటు చేసింది. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అన్నారా? మీరు ఎడమవైపు ఏడు, కుడివైపు పదమూడు పెట్టండి. ఎందుకని అడిగితే "డేటా అలా చెప్పింది" అనండి. డేటాను మళ్లీ అడిగి చూసేంత తీరిక ఎవరికుంది? పనిలో పనిగా అదే చోట పైకీ కిందికీ జరిపితే బ్రైట్‌నెస్ మారేలా చేయండి. వెనక్కి పోదామనుకున్నవాడు చీకట్లోకి పోతాడు.

9. వాల్యూమ్ విషయంలో పెద్దల అడుగుజాడల్లో నడవండి. 1999లో ఆపిల్ క్విక్‌టైమ్ 4 ప్లేయర్ తెచ్చింది. గీకిన స్టీలు పళ్లెంలాంటి ముఖం, అందులో వాల్యూమ్‌కు ఒక చక్రం. చేతిలో పట్టుకునే రేడియోకు అంచున బొటనవేలితో తిప్పే చక్రం ఉంటుందే, అచ్చంగా దాని బొమ్మ. చేతిలో ఉన్నప్పుడు బొటనవేలు హాయిగా తిప్పుతుంది. తెర మీద మౌస్‌తో తిప్పాలంటే పట్టుకుని లాగాలి, వదలాలి, వెనక్కి రావాలి, మళ్లీ పట్టుకుని లాగాలి. ఒక చిన్న స్లయిడర్ ఒక్క కదలికలో చేసే పనికి అంత కసరత్తు. చెడ్డ డిజైన్లను ఏరి చూపించే ఇంటర్‌ఫేస్ హాల్ ఆఫ్ షేమ్‌లో దానికి గౌరవంగా చోటు దక్కింది. తర్వాతి కూర్పులో ఆపిల్ ఆ చక్రం తీసేసి స్లయిడర్ పెట్టుకుంది. వాళ్లు తొందరపడ్డారు. పాతికేళ్లు దాటాయి, జనం మరిచిపోయారు. మీరు మళ్లీ తెచ్చి "స్పర్శానుభూతి" అనండి.

చక్రం గీసే ఓపిక లేకపోతే సోమరులకు ఇంకా తేలిక దారి ఉంది. మన చెవి శబ్దాన్ని కూడికల్లో వినదు, రెట్లలో వింటుంది. శబ్దశక్తిని పది రెట్లు పెంచితే చెవికి సుమారు రెట్టింపయినట్టు వినపడుతుంది. అందుకే మంచి స్లయిడర్ లోపల చిన్న వంపు లెక్క ఉంటుంది. బ్రౌజర్‌లో వీడియోకు ఉండే వాల్యూమ్ మాత్రం సున్నా నుంచి ఒకటి వరకు సాపుగా పోతుంది. స్లయిడర్‌ను నేరుగా దానికి తగిలించండి, ఒక్క లైను కోడ్. ఫలితంగా పైసగంలో ఎంత జరిపినా పెద్దగా తేడా రాదు, అడుగున వెంట్రుకవాసి జరిపితే గదంతా మోగుతుంది లేదా పూర్తిగా మూగబోతుంది. మ్యూట్ తీసినప్పుడు పాత వాల్యూమ్‌కు తిరిగిపోవడం గుర్తుపెట్టుకోవాల్సిన పని. గుర్తుపెట్టుకోకండి, నేరుగా నూరుకు పోనివ్వండి. అర్ధరాత్రి, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, ఇప్పుడే నిద్రపోయిన చంటిపిల్ల, ఇంటర్వెల్ బ్యాంగ్. మీ యాప్ పేరు ఆ ఇంట్లో చాలాకాలం వినపడుతుంది.

10. అడక్కుండానే ఆడించండి. 2018 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 66, మనిషి పేజీని తాకకుండా శబ్దంతో వీడియో మొదలవడాన్ని అడ్డుకుంది. శబ్దం లేకుండా అయితే సరేనంది. సందు అక్కడుంది. మూగగా మొదలుపెట్టి, తెర మీద ఎక్కడ తాకినా సౌండ్ వచ్చేలా చేయండి. ఆపుదామని తాకినా సరే. అడగని ట్రైలర్లను ఆపేసుకునే వీలు నెట్‌ఫ్లిక్స్ 2020 ఫిబ్రవరిలో ఇచ్చింది. మీరూ ఇవ్వండి, కాదనకండి. యాప్‌లో కాదు, వెబ్‌సైట్‌లో, అకౌంట్‌లో, ప్రొఫైల్‌లో, "ఇతరములు" కింద పెట్టండి. అడిగినవాళ్లకు "ఉంది కదండీ" అని చెప్పడానికి ఉపయోగపడుతుంది.

టైటిల్స్ దాటేసే బటన్‌ను నెట్‌ఫ్లిక్స్ 2017లో తెచ్చాక అందరూ తెచ్చారు. మీది టైటిల్ సాంగ్ అయిపోయిన మరుక్షణం రావాలి. అప్పుడు నొక్కినవాడు మొదటి సీను పోగొట్టుకుంటాడు. ఎపిసోడ్ చివర అదే మూలలో "తర్వాతిది" బటన్ పెట్టి, అయిదు సెకన్ల కౌంట్‌డౌన్ పెట్టి, "వద్దు" అన్న మాటను బూడిదరంగులో రాయండి. రెండు నిమిషాల్లో నిద్రపోదామనుకున్నవాడు తెల్లారేదాకా చూస్తాడు. మీరు మటుకు తొమ్మిదింటికే ఫోన్ పక్కనపెట్టి పడుకోండి.

11. చట్టాన్ని గౌరవించండి, అంటే చదవండి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు జారీచేసింది. అందులో 13 రకాల మోసాల జాబితా వివరణతో సహా ఉంది: లేని తొందర పుట్టించడం, చందాలోంచి బయటపడనివ్వకపోవడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపరచడం, పదేపదే వేధించడం, ప్రకటనను మారువేషంలో తేవడం వగైరా. ప్రభుత్వం ఇంత కష్టపడి, ఇంత వరుసగా, ఉచితంగా సిలబస్ ఇవ్వడం అరుదు. ఒక్కొక్కటి టిక్ పెట్టుకుంటూ పోండి. పాజ్ నొక్కగానే తెరంతా ప్రకటన పరవండి. దాన్ని మూసే గుర్తును నువ్వుగింజంత చేయండి. "వద్దు, నాకు మంచి సినిమాలు చూసే అలవాటు లేదు" అన్న బటన్ ఒకటి పెట్టండి. లీగల్ వాళ్లు పిలిచి ఇది డార్క్ ప్యాటర్న్ కాదా అంటే నిర్మొహమాటంగా చెప్పండి, మనది డార్క్ మోడ్ అని.

12. కీబోర్డు ఉన్నట్టు నటించకండి. యూట్యూబ్‌లో కె నొక్కితే ఆగుతుంది, జె నొక్కితే పది సెకన్లు వెనక్కి, ఎల్ నొక్కితే ముందుకు, ఎం మ్యూట్, ఎఫ్ ఫుల్ స్క్రీన్. ఆగి ఉన్నప్పుడు కామా, చుక్క నొక్కితే ఒక్కొక్క ఫ్రేమే జరుగుతుంది. ఇవన్నీ పెట్టాలంటే కూర్చుని రాయాలి. స్పేస్ బార్ ఒక్కటి వదిలేయండి, అది తన దారి తాను చూసుకుంటుంది. చివరగా మౌస్‌తో మ్యూట్ నొక్కి ఉంటే ఇప్పుడు స్పేస్ కూడా మ్యూటే చేస్తుంది, ఏమీ నొక్కకపోతే పేజీ కిందికి జారుతుంది. ఏ బటన్ మీద ఉన్నామో చూపే నీలిగీత అందాన్ని చెడగొడుతుంది, తీసేయండి. క్యూఏ అమ్మాయి బగ్ వేస్తే "వర్క్స్ యాజ్ డిజైన్డ్" అని మూసేయండి. డిజైన్ చేసింది మీరే కదా.

13. వేగం మార్చే బటన్‌ను గేరు గుర్తు లోపల, "మరిన్ని" లోపల పెట్టండి. 2019లో నెట్‌ఫ్లిక్స్ దీన్ని ప్రయోగించి చూస్తుంటే హాలీవుడ్ దర్శకులు తమ సినిమాను వేగంగా నడిపిస్తారా అని మండిపడ్డారు. ఆ పాత గొడవ మీకు ఇప్పుడు పనికొస్తుంది. దర్శకుడి మీద గౌరవంతో దాచామని చెప్పండి.

14. భాషల దగ్గర ఖర్చు పెట్టకండి. తెలుగు లేబుల్‌కు ఇంగ్లిష్ కొలతల డబ్బానే ఇవ్వండి. పైన గుడులు, కింద ఒత్తులు కత్తిరించినట్టు తెగిపోతాయి, ఒత్తు తెగిన మాటను చూసేవాడే పూరించుకుంటాడు. మనవాళ్లు తెలివైనవాళ్లు. మాట పొడుగైతే మూడు చుక్కలు పెట్టండి. ఉర్దూ, అరబిక్ కూర్పుల్లో కుడి నుంచి ఎడమకు చదువుతారు గనక మెనూలన్నీ తిప్పుతారు. ప్లే త్రికోణాన్ని మాత్రం తిప్పకూడదని గూగుల్ డిజైన్ సూచనలు చెబుతాయి, ఎందుకంటే అది టేపు తిరిగే దిక్కు, చదువు సాగే దిక్కు కాదు. ఈ సంగతి తెలుసుకుని మరీ తిప్పండి. తెలియక తిప్పితే పొరపాటంటారు, తెలిసి తిప్పితే సాంస్కృతిక స్పృహ అంటారు.

15. చూపు లేనివాళ్ల కోసం చేయాల్సింది "ఫేజ్ 2"లో రాయండి. ఫేజ్ 2 ఎప్పుడూ రాదు, అందుకే అది అంత విశాలమైనది. పేరు పెట్టని బటన్‌ను స్క్రీన్ రీడర్ పేరు లేని బటన్ అని మాత్రమే చదువుతుంది. వరుసగా ఏడు బటన్లుంటే ఏడుసార్లు అదే మాట వినపడుతుంది. ఒక్కో బటన్‌కు ఒక్క మాట రాస్తే సరిపోయే పని. ఇంత చిన్న పనిని వాయిదా వేయగలిగితేనే పెద్ద పనుల వాయిదాలో చేయి తిరుగుతుంది.

16. యూజర్ టెస్టింగ్ తప్పనిసరి. పక్క సీటు వాణ్ణి పిలవండి, మీ డిజైన్ మూడు నెలలుగా చూస్తున్నవాడై ఉండాలి. "ఈ సినిమాను ఆపు" అని పని చెప్పకండి, "బాగుందా బ్రో?" అని అడగండి. బాగుందంటాడు, రేపు తన డిజైన్ మీకు చూపించుకోవాలి గదా. ఇంటికి తీసుకెళ్లి మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మీ అత్తగారు సీరియల్ మధ్యలో కుక్కర్ కూత విని లేచి, నాలుగు చోట్ల పొడిచి, "ఏంటల్లుడూ, ఇది ఆగి చావదా?" అన్నారంటే మూడు నెలల రీసెర్చ్ మట్టిలో కలిసిపోతుంది.

అంకెలు కావాలంటే ఎ/బి టెస్ట్ పెట్టి క్లిక్కులు లెక్కపెట్టండి. పాత ప్లేయర్‌లో సినిమా ఆపడానికి ఒక్కసారి నొక్కేవాళ్లు. మీ ప్లేయర్‌లో మూడుసార్లు నొక్కుతున్నారు. ఎంగేజ్‌మెంట్ మూడింతలు.

17. విడుదలకు మంచిరోజు చూసుకోండి. పెద్ద హీరో సినిమా స్ట్రీమింగ్‌కు వచ్చే శుక్రవారం, పది శాతం మందికి కాదు, అందరికీ ఒకేసారి. మార్చారా అని అడిగే వీలు కూడా ఇవ్వకుండా "మీరు అడిగారు, మేము చేశాం" అని నోటిఫికేషన్ పంపండి. తిట్లు మొదలవుతాయి. కింది జవాబుల్లో ఏదో ఒకటి తడుముకోకుండా వాడండి: జనానికి మార్పంటే భయం, రెండు వారాలు పోతే వాళ్లే అలవాటు పడతారు, తిట్టేవాళ్లు గొంతున్నవాళ్లు, నచ్చినవాళ్లు మౌనంగా ఉన్నారు, యాప్ అప్‌డేట్ చేశారా, ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. యూట్యూబ్ 2021 నవంబర్‌లో డిస్‌లైక్ బటన్‌ను తీసేయలేదు, దాని పక్కన అందరికీ కనపడే అంకెను తీసేసింది. కోపం తీర్చుకునే చోటు అలాగే ఉంటుంది, ఎంతమందికి కోపమొచ్చిందో పక్కవాడికి తెలియదు. మీ ఫీడ్‌బ్యాక్ పేజీకి కూడా ఇదే వైద్యం చేయండి.

తప్పెవరిదన్న ప్రశ్న రాకముందే మినిట్స్ మెయిల్ పంపండి. అందులో ప్రోడక్ట్ వాళ్లు, మార్కెటింగ్ వాళ్లు, బెంగళూరు టీమ్, ఆ రోజు దారితప్పి మీటింగ్ రూమ్‌లోకి వచ్చిన హెచ్ఆర్ ఆవిడ, అందరూ ఆమోదించినట్టు రాయండి. తిలా పాపం తలా పిడికెడు.

18. అయిదారు నెలల తర్వాత పై నుంచి కబురొస్తుంది, పాత బటన్లు తిరిగి పెట్టమని. వాదించకండి, ఇది మీకు రెండో ప్రాజెక్టు. పాత త్రికోణాన్నీ రెండు గీతలనూ పాత ఫోల్డర్‌లోంచి తీసి "క్లాసిక్ కంట్రోల్స్" అని పేరు పెట్టండి. లాంచ్ వీడియో చేయించండి. వీలైతే కొన్నాళ్లు ప్రీమియం చందాదారులకే ఇవ్వండి. చూసేవాళ్లు కృతజ్ఞతలు చెబుతారు, తమది తమకు ఇచ్చినందుకు ఇంతలా సంతోషించే కస్టమర్లు మరే వ్యాపారంలోనూ దొరకరు. అప్రైజల్ ఫారంలో రెండు రీడిజైన్లు రాసుకోండి, రెండింటికీ వేర్వేరు గ్రాఫులు జతచేయండి.

19. రోల్‌బ్యాక్‌కు ముందురోజే స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి, మర్నాటికి అవి ఎక్కడా ఉండవు. మరో కంపెనీకి అప్లై చేసేటప్పుడు పోర్ట్‌ఫోలియోలో ఆ కదలని బొమ్మలే పెట్టండి. రాత్రి సీను మీద గాజు బటన్లు బ్రహ్మాండంగా ఉంటాయి. పనిచేసే డెమో లింకు మాత్రం ఇవ్వకండి. ఇస్తే ఇంటర్వ్యూ చేసేవాడు నొక్కి చూస్తాడు.